ఇనపడతానే ఉంది, తెలవట్లా!

"నా మెషీన్లో బానే పనిచేస్తోందే!" మన వృత్తిలో ఈ మాట ఒక్కసారైనా అననివాడు ఎవడైనా ఉంటే చెప్పండి, వెతుక్కుంటూ వచ్చి దండం పెట్టుకుంటా. కాకపోతే ఈసారి నేనా మాట అన్నది కోడు గురించి కాదు, స్పీకర్ల గురించి.

ఆన్‌సైటు పేరుతో రెండేళ్ళు డాలస్‌లో ఉన్నప్పుడు ఒక జత చిన్న స్పీకర్లు, వాటికి సరిపడే ఆంప్లిఫయరూ కొన్నాను. (ఎంతకి కొన్నానో అమ్మకి తెలిసిన అంకె వేరు, అసలు అంకె వేరు. అమ్మ ఇది చదవదన్న ధైర్యంతోనే రాస్తున్నా.) సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, అన్నం కుక్కర్లో పడేసి, ఘంటసాల పాట పెట్టుకుంటే చరణానికీ చరణానికీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం కూడా వినపడేది. అంచేత తిరిగొచ్చేటప్పుడు బట్టలు తగ్గించుకుని మరీ వాటిని సూట్‌కేసుల్లో సర్దుకుని తెచ్చా. హైదరాబాదులో కొత్తగా అద్దెకి దిగిన ఫ్లాటులో, అమ్మా నాన్నా తాతయ్యా చూస్తుండగా, చాలా గర్వంగా ఆన్ చేశా.

అవే స్పీకర్లు. అదే ఆంప్లిఫయరు. అదే పాట. కానీ ఆయనెవరో ఖాళీ నీళ్ళ ట్యాంకులో తలపెట్టి పాడుతున్నట్టుంది!

మనం ఇంజనీర్లం కదా, డీబగ్గింగు మొదలుపెట్టా. ముందు అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230 కాబట్టి మధ్యలో పెట్టిన ట్రాన్స్‌ఫార్మరుని అనుమానించా. ఇక్కడి వోల్టేజికి సరిపోయే ఆంప్లిఫయరు ఒకటి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చి తగిలించా. అదే మోత. వైర్లు మార్చా. విమానంలో దెబ్బ తగిలిందేమోనని స్పీకర్లు విప్పి చూశా. రెండు వారాంతాలు అలా పోయాయి. అమ్మ మాత్రం "బానే ఉంది కదరా, గట్టిగా వినపడుతోంది" అంటుంది. గట్టిగా వినపడ్డమే అసలు గొడవని ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

తాతయ్య చెప్పాడు.

తాతయ్యకి ఎనభై నాలుగు. నాయనమ్మ పోయాక తెనాలి పక్కనున్న మా ఊరి ఇల్లు తాళం వేసి, ఆయన్ని హైదరాబాదు తీసుకొచ్చాం. తెనాలి వైపు మనిషి కాబట్టి నాటకాల పిచ్చి చెప్పనక్కర్లేదు. రాయబారం పద్యాలు కంఠతా వచ్చు. షణ్ముఖి ఆంజనేయరాజు గారి పద్యాలు ఆయన కోసమే సంపాదించి పెట్టా. నాలుగు పద్యాలు విని, "అబ్బాయ్, ఇనపడతానే ఉందిరా, ఏవంటన్నాడో తెలవట్లా" అన్నాడు. సౌండు పెంచా. "ఇంకా తెలవట్లా" అన్నాడు. తర్వాత నాలుగు రోజులకి అడగడం మానేశాడు. టీవీ ముందు కూర్చుంటాడు గానీ చూపు ఎటో ఉంటుంది. అందరం మాట్లాడుకుంటుంటే నవ్వాల్సిన చోట కాస్త ఆలస్యంగా, మా మొహాలు చూసి నవ్వుతాడు. ఈ చివరిది గమనించినప్పుడు మాత్రం నాకు కడుపులో తిప్పినట్టయింది.

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్ష చేసి, వయసుకి తగ్గట్టు పై స్వరాలు కొంచెం తగ్గాయి, మిషను పెట్టుకోవచ్చు, కానీ మరీ అంత తీసేయాల్సింది కాదు అన్నారు. విచిత్రం ఏంటంటే ఆ చిన్న గదిలో, తెరలూ మెత్తటి గోడలూ ఉన్న ఆ పరీక్ష గదిలో, నేను మామూలుగా మాట్లాడిన ప్రతి మాటకీ తాతయ్య టకటకా జవాబు చెప్పాడు! ఇంటికొచ్చాక మళ్ళీ "ఆఁ? ఏందీ?"

అప్పుడు బల్బు వెలిగింది. చెవులూ మారలేదు, స్పీకర్లూ మారలేదు. మారింది గది. డాలస్‌లో గోడ నుంచి గోడ దాకా కార్పెట్టు. ఇక్కడ అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్సు, నున్నటి పుట్టీ గోడలు, ట్రాఫిక్ గోలకీ ఏసీకీ ఎప్పుడూ మూసి ఉండే అద్దాల కిటికీలు. సరే, గది మోత గురించి మనకంటే ముందు బుర్ర బద్దలుకొట్టుకున్నవాడు ఎవడైనా ఉన్నాడా అని వెతికితే, సరిగ్గా నా వయసువాడే ఒకడు దొరికాడు. కథ 1895లో మొదలు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం. ఫాగ్ ఆర్ట్ మ్యూజియం అని కొత్త భవనం కట్టారు. కట్టిన రిచర్డ్ మోరిస్ హంట్ ఆషామాషీ మనిషి కాదు, ఆ రోజుల్లో ఆ దేశంలో పేరుమోసిన ఆర్కిటెక్టుల్లో ఒకడు. అందులో ఒక ఉపన్యాసాల హాలు ఉంది. తీరా ప్రారంభించాక చూస్తే ఉపన్యాసకుడు చెప్పేది ఒక్క ముక్క అర్థం కాదు! వినపడుతుంది, బ్రహ్మాండంగా వినపడుతుంది. అర్థం కాదు. అచ్చం మా తాతయ్య కంప్లైంటే. ఒక మాట అన్న తర్వాత ఆ శబ్దం చచ్చిపోవడానికి అయిదున్నర సెకన్లు పట్టేది. ఆలోగా నింపాదిగా మాట్లాడేవాడైనా ఇంకో పన్నెండు, పదిహేను అక్షరాలు పలికేస్తాడు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి, సంతలో గోలలాగా తయారయ్యేది.

విశ్వవిద్యాలయం అధ్యక్షుడు ఛార్లెస్ ఇలియట్ ఈ తలనొప్పిని భౌతికశాస్త్ర విభాగంలో వాలెస్ క్లెమెంట్ సబైన్ అనే కుర్రాడి నెత్తిన పెట్టాడు. అప్పటికి సబైన్ వయసు ఇరవై ఏడు. పి.హెచ్.డి. లేదు. ధ్వనిశాస్త్రంలో చెప్పుకోదగ్గ పని ఏదీ చేసి లేడు. సీనియర్లు ఎవరూ ముట్టుకోని బగ్గు కొత్తగా చేరినవాడికి అసైన్ చేయడం అనే సంప్రదాయం మన కంపెనీల్లో పుట్టింది కాదన్నమాట.

అప్పటిదాకా హాళ్ళ శబ్దం గురించి ఉన్నది శాస్త్రం కాదు, దాదాపు మంత్రతంత్రం. మోత తగ్గాలంటే గదికి అడ్డంగా పైన తీగలు కట్టాలని నమ్మి కట్టినవాళ్ళు ఉన్నారు (ఏమీ తగ్గదు). పొడవు, వెడల్పు, ఎత్తు ఫలానా నిష్పత్తిలో ఉంటే చాలన్నవాళ్ళు ఉన్నారు. ఎవరూ ఏదీ కొలవలేదు. కొలవడానికి మైకులు లేవు, ఆంప్లిఫయర్లు లేవు. సబైన్ దగ్గర ఉన్న పరికరాలు: సెకనుకి 512 కంపనాలు ఇచ్చే ఒక ఆర్గన్ పైపు, టైము నమోదు చేసే ఒక యంత్రం, తన చెవులు. పైపు ఊది ఆపేస్తాడు. ఆపిన క్షణం నుంచి తన చెవికి మోత వినపడకుండా పోయే క్షణం దాకా ఎంతసేపు పట్టిందో నమోదు చేస్తాడు. పగలు వీధుల్లో చప్పుళ్ళుంటాయి కాబట్టి పనంతా అర్ధరాత్రి దాటాకే. మన నైట్ షిఫ్టులు ఆయన ముందు ఎంత చెప్పండి!

హార్వర్డ్‌లోనే శాండర్స్ థియేటర్ అని ఇంకో పెద్ద హాలుంది. ఫాగ్ హాలుకంటే ఎంతో పెద్దది, అయినా అందులో మాట స్పష్టంగా వినపడుతుందని పేరు. సబైన్ చూస్తే అక్కడ కుర్చీలకి మెత్తలున్నాయి, ఇక్కడ లేవు. సరే, ఆ మెత్తలే ఇక్కడికి తెచ్చి చూద్దాం అనుకున్నాడు. సహాయకుల్ని వెంటేసుకుని రాత్రి పూట ఆ థియేటర్లోంచి మెత్తలు మోసుకొచ్చి ఫాగ్ హాల్లో పరవడం, కొలవడం, తెల్లారేలోగా మళ్ళీ మోసుకెళ్ళి ఎక్కడివక్కడ పెట్టేయడం. మరి పొద్దున్న అక్కడ జనం కూర్చోవాలి కదా! మొత్తం 8.2 మీటర్ల పొడవు మెత్తలు తెస్తే మోత 5.33 సెకన్లకి దిగింది. 17 మీటర్లకి 4.94. అలా పెంచుకుంటూ పోయి, కుర్చీలన్నీ, నడవలూ, వేదికా నిండిపోయాక వెనక గోడకి కూడా తగిలించి, శాండర్స్ థియేటర్లో ఉన్న మెత్తలన్నీ, అంటే 1500 మీటర్ల పైచిలుకు, ఊడ్చి తెచ్చి పెట్టేసరికి 1.14 సెకన్లకి వచ్చింది.

ఒక్క వేరియబుల్ మార్చు, కొలువు, రాసుకో, మళ్ళీ మార్చు. ఇంతే. ఇందులో తెలివికంటే నడుం నొప్పి ఎక్కువ. అందుకే నాకాయన తెగ నచ్చేశాడు.

నచ్చడానికి ఇంకో కారణం ఉంది. కొన్నాళ్ళకి లెక్కల్లో చిన్న చిన్న తేడాలు రావడం మొదలయ్యాయి. ఎందుకా అని తల బద్దలుకొట్టుకుని చూస్తే, కారణం ఆయన వేసుకున్న బట్టలు! ఒకరోజు పల్చటి కోటు, ఒకరోజు మందపాటి కోటు. ఆ ఒక్క మనిషి ఒంటి మీది గుడ్డ పీల్చుకునే శబ్దం కూడా కొలతలో దొరికిపోతోంది. అప్పుడేం చేశాడో తెలుసా? అప్పటిదాకా తీసిన మూడు వేల పైచిలుకు కొలతల్ని అవతల పారేశాడు. ఆ తర్వాత ప్రయోగం చేసినప్పుడల్లా అదే కోటు, అదే ప్యాంటు, అవే బూట్లు. మూడు వేల రీడింగులు! నేనైతే "తెలిసిన లోపం, వచ్చే రిలీజులో సరిచేస్తాం" అని రాసి మూసేసేవాణ్ణి.

మెత్తలతో ఆగలేదు. తివాచీలు, తెరలు, గుడ్డలు, ఫెల్టు, లినోలియం, మనుషులు... ఏది దొరికితే అది గదిలోకి తెచ్చి, అది ఎంత శబ్దాన్ని మింగుతుందో కొలిచాడు. కొలిస్తే సరా, దేంతో పోల్చాలి? ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. ఆయన కొలమానంగా పెట్టుకున్నది తెరిచి ఉన్న కిటికీని! తెరిచిన కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం మళ్ళీ తిరిగి రాదు. అంటే ఆ కిటికీ మేరకి నూటికి నూరుపాళ్ళు మింగేసినట్టే. కాబట్టి తెరిచిన కిటికీ 1.00. దాంతో పోలిస్తే 1900లో ఆయన అచ్చువేసిన పట్టికలో మామూలు తివాచీ 0.20, బాగా బరువైన తూర్పుదేశాల తివాచీ 0.29. సిమెంటులో పేర్చిన ఇటుక గోడ 0.025. గాజు 0.027. కిక్కిరిసిన ప్రేక్షకులు 0.96. అంటే జనం దాదాపు తెరిచిన కిటికీతో సమానం! కల్యాణమండపం ఖాళీగా ఉన్నప్పుడు మైకు టెస్టింగు చేస్తే అంత మోతగా ఎందుకుంటుందో, పెళ్ళివారు నిండాక అదే మైకు ఎందుకు బాగుంటుందో ఇప్పుడు లెక్కతో సహా తెలిసింది.

లెక్క అన్నాను కదా, అది మాత్రం అంత తేలిగ్గా దొరకలేదు. కొలతల గుట్టలున్నాయి, వాటిని కలిపే సూత్రం లేదు. ఫాగ్ హాలుకి కావలసిన మందు తెలిసిపోయింది, 1898లో గోడల మీద ఫెల్టు వేయించి దాన్ని వాడుకునేలా చేశాడు. అద్భుతమైన హాలేం కాలేదు గానీ మాట అర్థమయ్యేది. కానీ కట్టిన హాలుని బాగుచేయడం వేరు, కట్టబోయే హాలు ఎలా మోగుతుందో ముందే చెప్పడం వేరు. అప్పుడే బాస్టన్ సింఫనీ వాద్యబృందానికి కొత్త హాలు కట్టే ఆలోచనలో ఉన్నారు. సలహా చెప్పమని అడిగితే సబైన్ వెంటనే ఒప్పుకోలేదు, చేతిలో సూత్రం లేదు కాబట్టి. చివరికి 1898 అక్టోబరు 29 రాత్రి తన పాత నోట్సు ముందేసుకుని కూర్చుంటే తట్టింది: మింగే వస్తువుల మొత్తాన్నీ మోత సమయాన్నీ గీస్తే వచ్చేది హైపర్‌బోలా. అంటే రెండింటినీ గుణిస్తే ఎప్పుడూ ఒకే సంఖ్య. ఆ సంఖ్య గది ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. అంతే! ఇప్పుడు మనం వాడే రూపంలో, మోత సమయం = 0.161 × గది ఘనపరిమాణం ÷ మొత్తం మింగుడు (మీటర్లలో). ఎనిమిదో క్లాసు పిల్లాడు చేయగలిగిన లెక్క. దానికోసం మూడేళ్ళ రాత్రులు. ఆ సూత్రంతో కట్టిన బాస్టన్ సింఫనీ హాలు 1900 అక్టోబరు 15న తెరిచారు. ఇప్పటికీ ప్రపంచంలో మేటి సంగీతశాలల్లో దాన్నొకటిగా చెప్తారు. హంట్ కట్టిన ఫాగ్ భవనాన్ని మాత్రం 1970ల్లో పడగొట్టేశారు. సబైన్ యాభై ఏళ్ళకే, 1919లో పోయాడు. శబ్దాన్ని మింగే శక్తికి కొలమానం పేరు ఇప్పుడు సబిన్.

సరే, సూత్రం చేతికొచ్చాక ఆగుతామా! మా హాలు కొలిచా. పొడవు 5 మీటర్లు, వెడల్పు 3.5, ఎత్తు 3. ఘనపరిమాణం 52.5. దాన్ని 0.161తో గుణిస్తే 8.45. ఇక మింగుడు. నేల, కప్పు, గోడలు కలిపి 86 చదరపు మీటర్లు. టైల్సుకీ నున్నటి గోడకీ మాట స్పష్టతకి ముఖ్యమైన వెయ్యి హెర్ట్జ్ దగ్గర 0.01, 0.02 కంటే ఉండదు. ఉదారంగా 0.02 వేసుకున్నా 1.7 వస్తుంది. సోఫా, కర్టెన్లు, మేం ఇద్దరు ముగ్గురం, అందరికీ కలిపి ఇంకో 2.3 అనుకుందాం. మొత్తం 4. అంటే మోత 2.1 సెకన్లు! పదిహేడు చదరపు మీటర్ల బుల్లి గదిలో! అందులో షణ్ముఖి వారు రాగం తీస్తే రాగం బ్రహ్మాండంగానే ఉంటుంది, పద్యంలో మాటలే ఒకదాన్నొకటి మింగేస్తాయి. నా చెవులు, మెదడు ఇంకా కుర్రవి కాబట్టి ఆ ముద్దలోంచి మాటలు ఏరుకుంటాయి. పెద్దవాళ్ళకి ఆ ఏరుకోవడం కష్టం. పైగా హియరింగ్ ఎయిడ్ పెట్టినా మాటతోపాటు మోతనీ పెంచి వినిపిస్తుంది.

ఇప్పుడు నేల మీద 8 చదరపు మీటర్లు మందపాటి తివాచీ వేస్తే? వెయ్యి హెర్ట్జ్ దగ్గర బరువైన కార్పెట్టుకి నేటి పట్టికల్లో 0.37 దాకా ఉంటుంది. అదే కార్పెట్టు కింద మందంగా ఫెల్టు వేస్తే 0.69! కింద వేసేది కంటికి కనపడదు గానీ పని దాదాపు రెట్టింపు చేస్తోంది. లెక్క కడితే కార్పెట్టు ఒక్కటే అయితే మోత 1.25 సెకన్లు, కింద మెత్త కూడా ఉంటే 0.9. గదిలో ఏ గోడనీ ముట్టుకోకుండా సగం కంటే తక్కువకి తెచ్చేశాం. (చిన్న గదుల్లో సబైన్ సూత్రం కచ్చితంగా పనిచేయదని తెలిసినవాళ్ళు అరవకముందే చెప్తున్నా, నాకూ తెలుసు. అంచనాకి చాలు.)

ఈ లెక్కలు వేస్తుండగానే ఊళ్ళో మా ఇల్లు గుర్తొచ్చింది. మండువా పెంకుటిల్లు. నడిమధ్యన ఆకాశానికి తెరుచుకున్న చతురస్రం. చుట్టూ వసారాలు, ఎప్పుడూ మూయని తలుపులు, వాసాల మధ్య గాలి ఆడే సందులు, మట్టి గోడలు. నేల గచ్చే, అయినా పర్వాలేదు. సబైన్ పట్టికలో చూస్తే మండువా మొత్తం 1.00! తాతయ్య నలభై ఏళ్ళు రేడియోలో విజయవాడ కేంద్రం విన్నది ఆ ఇంట్లో, నాలుగంగుళాల బుల్లి స్పీకరు మీద. ఒక్క అక్షరం పోలేదు. ఆయనకి చెవుడు వచ్చింది మేం హైదరాబాదు తీసుకొచ్చిన వారంలో. చెవుడు కాదు మరి, మేం ఆయన్ని మార్కులు 0.02 వచ్చే పెట్టెలో కూర్చోబెట్టాం.

అమెరికాలో ఈ గొడవ ఎందుకు తెలియలేదు అంటే, అది కూడా ఒక చరిత్రే. జార్జియా రాష్ట్రంలో డాల్టన్ దగ్గర కేథరిన్ ఎవాన్స్ అనే అమ్మాయి చేత్తో కుచ్చులు కుట్టిన దుప్పటి తయారుచేసింది. ఏ సంవత్సరంలో అనుకున్నారు? 1895! సబైన్ మెత్తలు మోయడం మొదలెట్టిన ఏడాదే. ఆ దుప్పట్ల పని పెరిగి పెరిగి, యంత్రాలొచ్చి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అదే పద్ధతిలో కార్పెట్లు చవగ్గా తయారై ఇంటింటికీ గోడ నుంచి గోడ దాకా పరుచుకున్నాయి. ఎడ్గార్ విల్చర్ 1954లో చిన్న పెట్టెలోంచి పెద్ద శబ్దం తెప్పించిన స్పీకరుతో వచ్చిందీ, స్టీరియో రికార్డులు 1958లో మార్కెట్లోకి దిగిందీ ఆ కార్పెట్ల కాలంలోనే. స్పీకర్ల పెట్టె మీద "గదిలో తివాచీ ఉండాలి" అని ఎవరూ రాయలేదు. వాళ్ళ ఇళ్ళలో అది ఎలాగూ ఉండేది కాబట్టి. మనం పెట్టె తెచ్చుకున్నాం, డిపెండెన్సీ తెచ్చుకోలేదు.

అయితే గుడ్డ మోతాదు మించినా ప్రమాదమే. 1923లో లండన్‌లో బీబీసీ వాళ్ళు సావోయ్ హిల్ స్టూడియోలు పెట్టినప్పుడు మోత అసలే ఉండకూడదని గోడలూ కప్పూ మందపాటి గుడ్డలతో కప్పేశారు. మాట స్పష్టంగా ఉంది గానీ సంగీతంలో ప్రాణం పోయింది. తర్వాత్తర్వాత కట్టిన స్టూడియోల్లో ఆ గుడ్డలు తగ్గించుకుంటూ వచ్చారు. కారణం తేలికే. తివాచీ పై స్వరాల్ని మింగినంతగా కింది స్వరాల్ని మింగదు. ఆ 0.37 ఉన్న కార్పెట్టే నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర 0.65 మింగుతుంది, 125 దగ్గర 0.02. టైల్సుకీ దానికీ పెద్ద తేడా లేదు! అంచేత గది నిండా తివాచీలు పరిస్తే తాళం చిప్పల మెరుపు పోతుంది, మృదంగం గుమగుమ మాత్రం అలాగే ఉంటుంది.

ఆడియో పిచ్చివాళ్ళు (నేనూ అందులోవాణ్ణే) ఇంకో మాట చెప్తుంటారు. స్పీకరుకీ మనకీ మధ్య నేల మీద తగిలి వచ్చే మొదటి ప్రతిబింబాన్ని తివాచీ ఆపేస్తుందని. సగం నిజం. స్పీకరు 0.9 మీటర్ల ఎత్తున, నా చెవి ఒక మీటరు ఎత్తున, మధ్య దూరం 3 మీటర్లు అనుకుంటే, నేలకి తగిలి వచ్చే శబ్దం 55 సెంటీమీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఆలస్యం 1.6 మిల్లీసెకన్లు. ఇంత చిన్న ఆలస్యాన్ని చెవి విడి శబ్దంగా వినదని 1949లోనే జర్మనీలో హెల్ముట్ హాస్ చూపించాడు. కానీ 310 హెర్ట్జ్ చుట్టుపక్కల రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అక్కడ గుంట పడుతుంది. ఆ 310 దగ్గర తివాచీ మింగేది పదోవంతు కూడా ఉండదు! కాబట్టి ఆ గుంట పూడ్చడం తివాచీ వల్ల కాదు. స్పీకరు దగ్గరి నేలా గోడలూ కింది స్వరాల్ని ఎలా పెంచుతాయో, తగ్గిస్తాయో 1974లో రాయ్ ఆలిసన్ లెక్కగట్టి ఒక పత్రం రాశాడు. అందుకు ఆయన చెప్పిన మందు గుడ్డ కాదు, స్పీకరుని ఎక్కడ పెట్టాలన్నది. కాబట్టి ఎవరైనా మీకు వేలు పోసి "ఆడియో తివాచీ" కొనమంటే, బాసు బాగుపడుతుందని మాత్రం నమ్మకండి. మాట బాగుపడుతుందంటే నమ్మండి, దానికి వేలు అక్కర్లేదు.

మరి నేనేం కొన్నాను? ముందు పర్షియన్ తివాచీల ధరలు చూసి ఆ ట్యాబు మూసేశా. తర్వాత గుర్తొచ్చింది, వరంగల్ మన పక్కనే కదా! వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనకి వెళ్ళాయి. ఇప్పుడు అక్కడ కొత్తవాడలో ఎక్కువగా నేసేది నూలు జంపఖానాలు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక శనివారం వెళ్ళి పెద్దది ఒకటి తెచ్చా. ముదురు ఎరుపు, నీలం చారలు. పరిచి, పద్యం పెట్టి, ఊపిరి బిగబట్టి తాతయ్య వైపు చూశా. "కొంచెం నయవేరా" అన్నాడు. కొంచెమే! అవును మరి, జంపఖానా పల్చన. పల్చటి గుడ్డ ఒక్కటీ నేలకి అంటుకుని ఉంటే దాని వల్ల అయ్యేది తక్కువ. కింద మెత్త కావాలి. ఫెల్టు ఎక్కడ దొరుకుతుందా అని నేను ఫోన్లో వెతుకుతుంటే, అమ్మ అటక మీంచి నాయనమ్మ కుట్టిన బొంతలు రెండు కిందకి పడేసింది. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి. ఒక్కోటి నాలుగు కేజీలకి తక్కువుండదు. ఊరి నుంచి తెచ్చాం గానీ ఈ ఏసీ కొంపలో ఎవరు కప్పుకుంటారని అటకెక్కించాం. వాటిని కింద పరిచి పైన జంపఖానా వేశాం. సోఫా వెనక గోడకి పుస్తకాల అర జరిపా. చప్పట్లు కొట్టి చూస్తే ఇంతకుముందు "ఠంగ్‌ఁ" అని సాగింది ఇప్పుడు "ఠప్" అని ఆగింది. ఫోన్లో రికార్డు చేసి కొలిచా, సెకనుకి కాస్త అటూ ఇటూ. సబైన్ గారికి మనసులోనే ఒక నమస్కారం.

పద్యం పెట్టా. తాతయ్య ఏమీ అనలేదు. రెండో పాదం దగ్గర నుంచి పెదాలు కదపడం మొదలెట్టాడు. మూడో పాదంలో ఎక్కడో తల అడ్డంగా ఊపి, "అక్కడ తప్పు పాడాడు" అన్నాడు.

అన్నట్టు హియరింగ్ ఎయిడ్ కూడా తీసుకున్నాం, డాక్టరు మాట కొట్టిపారేయలేదు. నచ్చినప్పుడు పెట్టుకుంటాడు. అమ్మకి మాత్రం జంపఖానా దుమ్ము పడుతోందని గొణుగుడు తగ్గలేదు. మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతూ జంపఖానా ఉతకడానికి వేసి, బొంతలు డాబా మీద ఎండలో ఆరేసింది. ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి టీవీ వీధి చివరిదాకా వినపడుతోంది. తాతయ్య నన్ను చూసి రిమోట్ చేతికిచ్చాడు.

"అబ్బాయ్, ఇయ్యాల మళ్ళీ చెడిపోయిందిరా ఇది. చూడు కాస్త."